నవంబరు సంతకం

నా భార్య సాయిసుధ పోయిన రోజు జూలై పద్నాలుగు, సోమవారం. పొద్దున పదకొండు దాటాక ఆమె తన ఓపీ గదిలో కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుందట. ఆ సమయానికి నేను తొమ్మిదో తరగతికి పద్యం చెబుతున్నాను. ఫోను ఆఫీసు గదిలో, సొరుగులో ఉంది. పీరియడ్ అయ్యాక చూసుకుంటే ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అబిడ్స్‌లోని మా బడి నుంచి నాంపల్లిలో ఆమె పనిచేసే దవాఖానకు ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. ఆ రోజు అరగంట పట్టింది.

మరణానికి కారణం అన్నచోట తీవ్రమైన రక్తహీనత, గుండె ఆగిపోవడం అని రాశారు. అది తప్పు కాదు. కాని అంతే కాదు. మిగతాది నాకు తెలుసు గనుక, తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఆ దవాఖాన పేరు రాయను. నిజాం కాలం నాటి రాతి కట్టడం. మొనదేలిన కమానులు, మనిషికి రెండింతల ఎత్తున్న సన్నని కిటికీలు, వాటికి ఎరుపు, నీలం అద్దాలు, టవరులోకి ఇనప మెలికల మెట్లు. చుట్టూ కోర్టు జిరాక్సు దుకాణాలు, బిర్యానీ హోటళ్ళు వచ్చాయి, మెట్రో వచ్చింది. లోపల మాత్రం ఉత్తరం వైపు వరండాలో ఏ నెలలోనూ ఎండ పడదు. ఆ వరండా చివరి గది సుధది.

నవంబరు వస్తే ఆమె గది ముందు ముసలివాళ్ళ వరుస ఉండేది. పింఛను తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించినా చాలంటారు. అయినా చాలామందికి గెజిటెడ్ ఆఫీసరు సంతకం, పచ్చ సిరా ఉంటేనే నమ్మకం. కాగితం మీద ఒక వాక్యం ఉంటుంది: ఫలానా వారు ఈ తేదీ నాటికి జీవించి ఉన్నారని, నేను స్వయంగా చూశానని ధ్రువీకరిస్తున్నాను. మిగతా డాక్టర్లు విసుక్కునేవారు. సుధ విసుక్కోలేదు. వాళ్ళను నిలబెట్టడం ఇష్టంలేక ఆయాను పంపి కాగితాలన్నీ ఒక్కసారే తెప్పించుకుని వరసగా సంతకాలు పెట్టేది.

"ముఖాలు చూడకుండ పెట్టుడేంది?" అని నేనొకసారి అడిగాను.

"పెద్దవాళ్ళని పిలిచి, చెయ్యి పట్టుకుని, బతికున్నారో లేదో చూడమంటారా మాస్టారూ? బాగుంటుందా?" అంది.

బాగుండదని నేనూ అనుకున్నాను.

అమరేశ్వరరావు అనే ఆయన మొదటిసారి 2016లో వచ్చాడు. తెల్ల పంచె, మెడదాకా గుండీలున్న కోటు, నల్ల గొడుగు. వాన ఉన్నా లేకున్నా గొడుగు. కాగితం స్వయంగా అందించి, "మాది రేపల్లె పక్క, అమ్మాయ్. యాభై ఆరులో సెక్రటేరియట్‌తో పాటు వచ్చేశాం" అన్నాడట. సుధ తాతగారు కూడా అలా తెనాలి నుంచి వచ్చి ఖైరతాబాద్‌లో స్థిరపడ్డవారే. ఆ సాయంత్రం ఆమె సంతోషంగా ఇంటికి వచ్చింది. "అచ్చం మా తాతయ్యలాగే అమ్మాయ్ అన్నాడండీ. ఎన్నాళ్ళయిందో ఆ పిలుపు విని" అంది.

ఆ డిసెంబరులోనే ఆమెకు నీరసం మొదలైంది. హిమోగ్లోబిన్ పదమూడు ఉండేది, పదకొండుకు వచ్చింది. మందులు వాడితే వానాకాలానికి కొంచెం కోలుకునేది. మళ్ళీ డిసెంబరులో దిగేది. ఎక్కడా రక్తం పోవడం లేదు. కడుపులోకి గొట్టం వేసి చూశారు, ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. రెండుసార్లు రక్తం ఎక్కించారు. వారం తిరక్కముందే మళ్ళీ మొదటికి వచ్చింది. ఎక్కించింది ఎక్కడికి పోతోందో అర్థం కావడం లేదని పెద్ద డాక్టరు నాతో అన్నాడు.

ఒక నవంబరు సాయంత్రం ఆమె కోసం వెళ్ళి, గది ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఆయా పూలమ్మ చీపురు ఆపింది.

"ఆడ కూసోకు సారూ. గా జాగ గొడుగు తాతది."

"బల్ల మీద పేరు రాసి ఉందా పూలమ్మా?"

"రాయనక్కర్లే, కూసుంటే ఎరకైతది. గాయన వచ్చిన దినం ఈ వరండల ఉన్నోళ్ళందరికి కాళ్ళు గుంజుతయ్. చాయ్ తాగుతం, బిస్కెట్ తింటం, ఏం ఫాయిదా లేదు. మా సిస్టరమ్మ ఏమంటది, నీకు వయసైంది పూలమ్మా అంటది. ఆమెకు ముప్పై లేవు, గోడకు ఒరిగి నిలవడ్తది!"

నేను నవ్వాను. లేచేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవాల్సి వచ్చింది. ఆ రోజు ఏడు పీరియడ్లు చెప్పాను, అందువల్లనే అనుకున్నాను.

నిరుడు నవంబరు మొదటి వారంలో సుధ ఇంటికి వచ్చి, గోరుచిక్కుళ్ళు ముందు వేసుకుని, తుంచకుండా కూర్చుంది. ఏమైందని అడిగాను.

"ఇవాళ ఆయన పుట్టిన తేదీ చూశానండీ. పందొమ్మిది వందల పదిహేడు."

"ఎవరు, గొడుగాయనా? గంటే నూట ఏడేండ్లా? చూస్తే డెబ్బై లెక్క ఉంటడంటివి కద."

"అదే అడిగాను. ఎనిమిదిసార్లు నువ్వే సంతకం పెట్టావు కదమ్మాయ్, ఇప్పుడు అనుమానమేమిటి అన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. నాడి లేదు."

"దొరకలేదేమో."

"ఇరవై ఆరేళ్ళుగా పట్టుకుంటున్నాను మాస్టారూ. రెండు చేతులూ చూశాను. మెడ దగ్గర చూశాను. స్టెత్ పెట్టాను. గోడకు పెట్టి విన్నట్టు ఉంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, లేదు కదూ, అరవై ఒకటి నుంచీ లేదమ్మా అన్నాడు. సిగ్గుపడుతున్నట్టు అన్నాడు."

తర్వాత ఆయన చెప్పింది ఆమె నాకు చెప్పింది. 1961 ఆగస్టు 25, శుక్రవారం మధ్యాహ్నం అమరేశ్వరరావు అదే దవాఖానలో, పై అంతస్తు వార్డులో పోయాడు. ఆ రోజు ధనిష్ఠా నక్షత్రం. ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలంటారు. వాళ్ళది నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఇద్దరు పసిపిల్లలు. ఊరు కాని ఊరు. ఆయన భార్య డ్యూటీ డాక్టరు కాళ్ళ మీద పడింది. ఈ ఒక్క రోజూ పోయినట్టు రాయకండి బాబూ, నక్షత్రం మారాక రాయండి అంది. చిన్న వయసు డాక్టరు. జాలిపడ్డాడు. కేసు షీటులో నిలకడగా ఉన్నాడని రాశాడు. మంచి నక్షత్రం వచ్చాక నిజం రాయడానికి వార్డుకు వెళితే, ఆయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఆ డాక్టరు సంతోషించాడట. నాలుగేళ్ళకు ఆయన పోయాడు. తర్వాత ఇంకొకరు. బతికున్నాడని ఎవరు రాస్తే ఆ ఏడాది వాళ్ళ నుంచి."

"నువ్ చెప్పేది రక్తపిశాచి కథ సుధా."

"పేరు మీరు పెట్టండి, మాటల మనిషి మీరు. నాడి లేదని మాత్రం నేను చెప్పగలను."

"పిశాచాలకు కోరలుంటయంటరు కద," అన్నాను, ఆమెను నవ్వించాలని.

"అంత శ్రమెందుకండీ, మనమే సంతకం పెట్టి ఇస్తుంటే," అని గోరుచిక్కుళ్ళు ముందుకు లాక్కుంది.

ఆ నవంబరు ఆమె సంతకం పెట్టలేదు. ఆయన గొడవ చెయ్యలేదు. ప్రతిరోజూ పదింటికి వచ్చి ఎదుటి బల్ల మీద కూర్చునేవాడు. గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మూడింటికి లేచి నమస్కారం పెట్టి వెళ్ళేవాడు. ఆ ఇరవై రోజుల్లో వార్డులో నడవగలిగిన రోగులు మంచం పట్టారు. ఫార్మసిస్టు కౌంటరు మీద తల పెట్టి నిద్రపోయాడు. సుధ ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే గోడకు ఆనుకుని కూర్చునేది. దగ్గరికి రమ్మని పిలిచే మనిషిలా చూస్తాడండీ, ఆయన మీద కోపం రాదు, అదే భయం, అంది ఒకసారి.

నెలాఖరున ఆయన ఒక మాట అడిగాడట. "నీకు కష్టమైతే వద్దులే అమ్మాయ్. పక్క గదిలో కొత్తగా వచ్చిన పిల్ల ఉంది కదా, మొన్న నాకు కుర్చీ వేయించింది."

పక్క గదిలో ఉన్నది డాక్టర్ అక్షిత. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. సుధ కాగితం లాక్కుని సంతకం పెట్టింది. అది తొమ్మిదోది.

ఆ తర్వాత ఆమె మంచం పట్టలేదు. పనిచేస్తూనే ఉంది. మధ్యాహ్నాలు పూలమ్మను తోడు తీసుకుని పాత రికార్డుల గదికి వెళ్ళేది. మార్చిలో ఆ కేసు షీటు దొరికింది. ఫోటో తీసి నాకు చూపించింది. నాడి అందడం లేదు అని రాసి, దాని మీద రెండు గీతలు కొట్టి, కింద వేరే వాక్యం రాసి ఉంది. సిరా ఒకటే, చేతిరాత ఒకటే.

"తప్పుడు రాతతో మొదలైంది. సరైన రాతతో ఆగాలి," అంది సుధ. మరణ నివేదిక ఫారం తెచ్చుకుని నింపింది. పేరు, వయసు నలభై నాలుగు, తేదీ 25-8-1961, సమయం మధ్యాహ్నం రెండున్నర. డాక్టరు సంతకం అన్నచోట పెట్టింది. ఆ ఫారంలో ఇంకో గడి ఉంటుంది, సమాచారం ఇచ్చినవారి సంతకం. మామూలుగా ఇంట్లోవాళ్ళు పెడతారు. అమరేశ్వరరావుకు ఇంట్లోవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

సూపరింటెండెంట్ జితేందర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చదివి కళ్ళద్దాలు తీశాడట.

"మేడం, గీయన మొన్న నవంబరుల గేటు కాడ నాకు నమస్తే పెట్టిండు. నేను సచ్చినోనికి నమస్తే పెట్టిన్నా? జర ఆలోచించుర్రి. గిది పైకి పంపితే మనిద్దర్ని ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు పంపుతరు, ఒకటే బండిల."

"ఈసారి వస్తే మీరే అతని నాడి చూడండి సార్."

"నేనెందుకు చూస్త? చూస్తే రాయాల్సొస్తది కద. సెలవు పెట్టుర్రి మేడం, రెస్ట్ తీసుకోన్రి." ఆయన చెడ్డవాడు కాడు. అలిసిపోయి ఉన్నాడు. ఆ దవాఖానలో అందరూ అలిసిపోయే ఉన్నారు.

జూన్ రెండో ఆదివారం సుధ నన్ను అడిగింది. పొద్దున అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు చూద్దామని బయల్దేరి, పోస్టాఫీసు దాకా నడవలేక మెట్ల మీద కూర్చుంది. సంచిలోంచి ఆ ఫారం తీసింది.

"ఆ గడిలో మీరు పెట్టండి. దవాఖానవాళ్ళు పెట్టకూడదు. బయటి మనిషి కావాలి. మీకు నామీద నమ్మకం ఉంది కదా."

"నీ మీద ఉంది. కని నేను చూడలే కద సుధా. నేను పుట్టకముందు సచ్చిండని, నాకు తెలుసని ఎట్ల రాయాలె?"

"నేను చూశాను. నా మాట చాలదా?"

"పిల్లలకు ఏం చెప్త నేను? తెలువంది తెలిసినట్టు రాయొద్దని చెప్త. ఒకసారి ఆయన్ని నాకు చూపియ్యి. చూసినంక పెడ్త."

"ఇప్పుడు మే, జూన్‌లలో రాడండీ. నవంబరులోనే వస్తాడు."

"గంటే నవంబరుల చూద్దాం."

ఆమె నన్ను బతిమాలలేదు. ఫారం నాలుగు మడతలు పెట్టి నాకిచ్చి, "మీ దగ్గరుంచండి" అంది. ఆ రోజు హిమోగ్లోబిన్ ఐదున్నర అని నాకు తెలుసు. నవంబరు దాకా ఆమె ఉంటుందని ఎందుకు అనుకున్నానో తెలియదు. నేను సరిగ్గానే మాట్లాడాను. ప్రతి మాటా సరైనదే. ఐదు వారాల తర్వాత ఆమె పోయింది.

మా బడికి నేను గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుణ్ణి. నాకూ పచ్చ సిరా ఉంది. ఈ సంగతి అమరేశ్వరరావుకు సుధ ఎప్పుడో మాటల్లో చెప్పి ఉంటుంది.

మళ్ళీ నవంబరు వచ్చింది. ఈ సోమవారం మధ్యాహ్నం మా అటెండరు పరశురాం తలుపు దగ్గరికి వచ్చాడు. "సార్, ఒక పెద్దాయన వచ్చిండు. ఎండల పడి వచ్చిండు పాపం. కుర్సీ ఏసిన."

ఆయన గొడుగు మూసి తలుపు పక్కన ఆనించి కూర్చున్నాడు. మొదటిసారి చూశాను. ముఖం మీద మెరుగు ఉంది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. కళ్ళు మాత్రం చాలా రోజులు నిద్రలేని మనిషి కళ్ళు.

"అమ్మాయి పోవడం నాకు కష్టంగా ఉంది మాస్టారూ," అన్నాడు.

నేను ముందున్న హాజరు పట్టీ మూసేశాను.

"నేను ఇటు రావాలని బయల్దేరలేదు. అక్షితమ్మ గది దాకా వెళ్ళాను. గుమ్మం దాటబోతే కాళ్ళు వెనక్కి తిరిగాయి. అలా ఎప్పుడూ జరగలేదు. వీధిలో పడి నడిస్తే, ఇక్కడికి తీసుకొచ్చాయి." కాగితం టేబుల్ మీద పెట్టాడు. ఫలానా వారు జీవించి ఉన్నారని. "అమ్మాయి రాసిన రెండో కాగితం మీ దగ్గరుందని తెలుసు. దాని మీద పెట్టినా నాకు సమ్మతమే. అరవై నాలుగేళ్ళయింది. నాకూ విసుగ్గా ఉంది."

నేను ఇంటి నుంచి తెచ్చి పెట్టుకున్న ఫారం సొరుగులోంచి తీశాను. కలం మూత తీశాను. చూసినంక పెడతానని సుధతో అన్నాను. ఆయన్ను చూశాను. ఆమె చెప్పిన మనిషే.

"అలా కాదు," అన్నాడు అమరేశ్వరరావు. కోటు చెయ్యి పైకి లాక్కుని మణికట్టు నా ముందు పెట్టాడు. "చెయ్యి పట్టుకోకుండా రాయకండి. అమ్మాయి చేసిన పొరపాటు అదే కదా."

పట్టుకున్నాను. చల్లగా ఉంటుందనుకున్నాను. వెచ్చగా ఉంది. నాకు నాడి చూడటం రాదు, అయినా వేళ్ళ కింద కొట్టుకోవడం తెలిసింది.

సుధ నాడి ఒక పద్ధతిలో ఉండేది. నాలుగైదుసార్లు కొట్టుకున్నాక ఒకటి తప్పేది, వెంటనే తర్వాతది గట్టిగా కొట్టుకునేది. పెళ్ళయిన కొత్తలో నేను భయపడితే, చిన్నప్పటి నుంచీ ఉందండీ, ప్రమాదమేమీ లేదు అని నవ్వింది. ఇరవై రెండేళ్ళు బస్సుల్లో, సినిమా హాళ్ళలో, ఆసుపత్రి మంచాల పక్కన ఆ మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. అది నాకు తెలిసినంత బాగా ఏ పద్యమూ తెలియదు.

ఆయన మణికట్టులో నాలుగు కొట్టుకున్నాయి. ఒకటి తప్పింది. తర్వాతది గట్టిగా కొట్టుకుంది.

చెయ్యి వదలడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన తొందర పెట్టలేదు. గంట కొట్టారు, పిల్లలు బయటికి వచ్చారు, మళ్ళీ లోపలికి వెళ్ళారు. అప్పటికీ పట్టుకునే ఉన్నాను.

"ఇది నాది కాదని మీకు తెలుస్తోంది కదా," అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్ళూ ఎవరిదీ ఇలా నిలవలేదు. తాగిన నీళ్ళలా అయిపోయేవి. ఇది మాత్రం ఉండిపోయింది. నన్ను ఆ పిల్ల గదిలోకి పోనివ్వనిదీ ఇదే. కాని రోజు రోజుకూ తగ్గుతోంది. శనివారం దాకా ఆగుతాను. ఆపైన కాళ్ళు మళ్ళీ నా మాటే వింటాయి."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కుర్చీ మడిచి తీసుకెళ్ళేటప్పుడు పరశురాం గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాడు.

ఆ సాయంత్రం అక్షితకు ఫోను చేశాను. అమరేశ్వరరావు అనే ఆయన కాగితం తెస్తే సంతకం పెట్టవద్దని చెప్పాను.

"గొడుగు తాతగారా సార్? సుధ మేడం కూడా ఇదే చెప్పారు. పాపం సార్, పెద్దాయన, గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తే నేనే బయటికి వెళ్ళి పెట్టి ఇద్దామనుకున్నాను. ఎందుకు వద్దు?"

ఎందుకో చెప్పాను. ఆమె మర్యాదగా విన్నది. తర్వాత, "మీరు సరిగ్గా తింటున్నారా సార్?" అని అడిగింది.

నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆయన జీవించి ఉన్నాడని రాస్తే, నేను స్వయంగా చూసిందే రాసినవాణ్ణవుతాను. నా రక్తం పోతుంది. అది నాకు పెద్ద విషయం కాదు, కాని నాతో ఆగదు. నా తర్వాత ఇంకొకరు ఉంటారు. 1961లో చనిపోయాడని రాస్తే, సుధ రాసింది నిజమని ఒప్పుకున్నవాణ్ణవుతాను. జూన్‌లో ఆమె అడిగింది అదొక్కటే. అప్పుడు రాసి ఉంటే ఆగేది ఆయన ఒక్కడే. ఇప్పుడు రాస్తే నా చేత్తో ఆగేది ఏమిటో నాకు తెలుసు.

ఏది రాయాలో నాకు తెలియక కాదు.

ఇవాళ శుక్రవారం. బడి వదిలారు. రెండు కాగితాలూ టేబుల్ మీద ఉన్నాయి. దేని మీదా నేను ఇంకా సంతకం చెయ్యలేదు.